గేదెకు మొక్కిన అల్లుడు

1

బాన్ నోంగ్ ఖెమ్
వైశాఖ పున్నమి వెళ్లిన మూడో రోజు

అక్క ఖమ్‌పన్‌కు చెల్లెలు బువాలై చేతులు జోడించి రాస్తున్నది.

నీ ఉత్తరం అందింది. తుంగ్ సోంగ్‌లో వానలు మొదలయ్యాయనీ, స్టేషన్ ముందు నీ నూడుల్స్ బండికి కొత్త రేకు వేయించావనీ చదివి సంతోషించాను. మాకింకా చినుకు లేదు. పొలమంతా నోరు తెరుచుకుని ఉంది.

అల్లుడి సంగతి అడిగావు. మా అమ్మాయి సైఫోన్ ఫిన్లాండ్ తిరిగి వెళ్లి ఆరు వారాలైంది. అక్కడి హోటల్లో దాని పని వానాకాలం అయ్యేదాకా ఉందట. ఈలోగా ఇంటి కప్పు బాగుచేస్తానని ఐనో ఇక్కడే ఉండిపోయాడు. పెళ్లాం పక్కన లేదు, మన భాష అంతంతమాత్రం, ఎండ చూస్తే అలాంటిది. అయినా ఉన్నాడు.

తెల్లారి నేను స్వాములకు భిక్ష వేయడానికి జిగురన్నం బుట్ట పట్టుకుని దిగేసరికే అతను లేచి ఉంటాడు. మన గుమ్మం పైదూలం సరిగ్గా అతని నుదుటికి అందుతుంది. రోజుకొకసారి కొట్టుకుని, దూలానికి క్షమాపణ చెప్పి మరీ బయటికి వస్తాడు. అన్నం ముద్దలు చేయడం నేర్చుకున్నాడు గాని వడ్రంగి కదా, అన్నీ ఒకే కొలతలో చేస్తాడు. పులిసిన చేప వాసనకి వచ్చిన కొత్తలో కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇప్పుడూ తిరుగుతాయి, కాని తింటాడు. మాటలు మాత్రం బహు తక్కువ. "మీ అల్లుడు మాటలు మూటగట్టి వాళ్ల ఊరికి పట్టుకుపోతాడేమో చూసుకో" అంటుంది పక్కింటి సేంగ్ అవ్వ.

పోయిన ఉత్తరంలో రాసిన నా గుండె సంగతి ఖాయమైంది. లోపల ఒక తలుపు సరిగా మూసుకోవడం లేదట. స్వాములు వానాకాలం మూడు నెలలూ విహారం కదలని వర్షావాసం మొదలయ్యాక రెండో వారంలో పెద్దాసుపత్రిలో కోసి బాగుచేస్తారు. సైఫోన్‌కు చెప్పలేదు. పోయినసారి రాసినట్టే, నువ్వూ చెప్పకు. అంత దూరాన ఉన్న పిల్ల ఏం చేస్తుంది?

నాకు చావంటే భయం లేదక్కా. అమ్మ గుర్తొస్తోంది, అంతే. కొడుకు ఒక్క వానాకాలమైనా కాషాయం కట్టుకుంటే ఆ చెంగు పట్టుకుని తల్లి స్వర్గానికి పోతుందని చెప్పేది కదా. ఇద్దరం ఆడపిల్లలమే అయ్యామని, చివరి రోజు కూడా చేయి గాల్లో ఆడిస్తూ ఏదో వెతికింది. నీకు ముగ్గురు కొడుకులు, మూడు చెంగులు. నాకు ఒక్కటీ లేదు. కత్తి కిందికి వెళ్లేముందు మనిషి దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలనుకుంటుంది కదా. నా దిగులు అదే.

ఇంకో విషయం. వారం రోజులుగా ఐనో మధ్యాహ్నం దాటాక మెతుకు ముట్టడం లేదు. సాయంత్రం పళ్లెం పెడితే నవ్వి, కడుపు మీద చేయి వేసుకుని, నీళ్లు తాగి వెళ్లిపోతాడు. నా వంట పడటం లేదంటావా?

దూలం కింద కూర్చుని రాస్తున్న
నీ బువాలై

తా.క. నిన్న దూలానికి పాత చాప చుట్టి మెత్తగా కట్టాను. పొద్దున అతను మామూలుగా కొట్టుకుని, దెబ్బ తగలకపోయేసరికి కంగారుపడి ఇల్లంతా చూశాడు.

2

తుంగ్ సోంగ్
నీ ఉత్తరం అందిన మర్నాడు

మా బువాకు అక్క దీవెనలు.

నీ గుండె సంగతి ఖాయమైందని చదివి నూడుల్స్‌లో ఉప్పు రెండుసార్లు వేశాను. రైలు గార్డు డ్యూటీ దిగి వచ్చిన మీ బావ రెండు చెంబుల నీళ్లతో తిన్నాడు. దానికేం కాదు. తలుపు బిగించడం కూడా ఒక జబ్బేనా? మీ అల్లుణ్ణి అడిగినా బిగిస్తాడు.

చెంగుల సంగతి ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. కొడుకుల్ని కన్నవాళ్ల అదృష్టం వేరే. మా సనన్ దీక్ష తీసుకున్నప్పుడు ఏనుగు మీద ఊరేగించామా! తవీ దీక్షకి మూడు ఊళ్ల మేళాలు వచ్చాయి. ఉదోమ్ గుండు మీద ఎండ పడితే జనం కళ్లు మూసుకున్నారు. నీకు లేదని కాదు, ఉన్నవాళ్లం చెప్పుకోకపోతే ఎలా?

అల్లుడు సాయంత్రం తినకపోతే బలవంతం చేయకు. తెల్లవాళ్ల పొట్టలు వేరు. ఎండలు ముదిరితే మధ్యాహ్నం తర్వాత వాటంతటవే మూసుకుంటాయి. తెరవబోతే ప్రమాదం. పళ్లెం చూపించి ఊరించకు కూడా.

మీ బావ స్నేహితుడైన గార్డు చేత నాలుగు క్యాసెట్లూ, చెవులకు తగిలించుకునే టేప్ రికార్డరూ పంపుతున్నాను. అల్లుడి చేతికే ఇవ్వు. పరాయి ఊళ్లో ఒంటరిగా ఉన్నాడు, కాస్త కాలక్షేపం.

స్టేషన్ పొగలో నీ కోసం దండం పెట్టుకుంటున్న
మీ అక్క

తా.క. అవి మన వైపు సంత పాటలు, బాగా మోటువి. పంచశీలాలు పాటించే ఆడదానివి, పొరపాటున కూడా చెవి పెట్టకు. విన్నావంటే ఆ పాపం కడుక్కోవడానికి గుండె ఆపరేషన్ చాలదు.

3

బాన్ నోంగ్ ఖెమ్
మొదటి వాన పడిన రోజు

అక్కకు మొక్కులు. వాన పడింది. నా మనసు మాత్రం ఎండిపోయి ఉంది.

నీ క్యాసెట్లు అందాయి. అవి పంపకుండా ఉంటే బాగుండేదక్కా. అతనిప్పుడు ఆ తీగలు చెవుల్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ గంటల తరబడి కూర్చుంటున్నాడు. నేను దగ్గరికి వెళ్తే చటుక్కున ఆపి ఎర్రబడతాడు. మోటు పాటలని నువ్వు రాశావు గనక ఎందుకు ఎర్రబడ్డాడో అడగలేకపోయాను. మధ్యలో ఒకటి రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాడు కూడా. సంత పాటల్లో ఏడవడానికి ఏముంటుంది?

మొన్న సేంగ్ అవ్వ పుట్టగొడుగులకని పొలం వైపు వెళ్లి, పరుగున వచ్చింది. ఆమెకు డెబ్బై రెండేళ్లు, పరుగెత్తగా నేను చూడటం అదే మొదలు.

"బువాలై! మీ తెల్లల్లుడు గేదెకు మొక్కుతున్నాడే!"

"మొక్కడమేంటి అవ్వా, కట్టు విప్పుతుంటాడు."

"నా కళ్లు పోయాయా? మీ గేదె తూయ్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతులు జోడించాడు. నేలకు తల ఆనించి మూడుసార్లు మొక్కాడు. దానికేదో విన్నవించుకుంటున్నాడు. అది నెమరేస్తుంటే ఆగి, అది ఆపాక మళ్లీ చెబుతున్నాడు!"

"మరి తూయ్ ఏమంది?"

నా నోటి వెంట ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. "నీకూ పట్టిందా ఏం?" అని అవ్వ నా నుదురు పట్టుకు చూసింది. మర్నాడు నేనే వెళ్లి వెదురు చాటు నుంచి చూశాను. నిజమే. పక్కన నీళ్ల ఇంజను మోతలో మాటలు వినబడలేదు గాని, మొక్కులు చూశాను. మన స్వాములకు మొక్కినట్టే, ఐదు అంగాలూ నేలకు తాకించి మొక్కుతున్నాడు.

అది కూడా ఓర్చుకుంటాను. నన్ను కోసేస్తున్నది వేరే. నా చేతి నుంచి ఏదీ అందుకోవడం లేదక్కా. ఇంతకుముందు పళ్లెం, చెంబు, సుత్తి, ఏదైనా నా చేతిలోంచి తీసుకునేవాడు. ఇప్పుడు గుడ్డ పరిచి, దాని మీద పెట్టమని సైగ చేసి, ఆ తర్వాత తీసుకుంటాడు. నా జబ్బు సంగతి ఎలాగో తెలిసి, అంటుకుంటుందని భయపడుతున్నాడేమో. గుండె జబ్బు అంటుకోదని మన భాషలో చెబుతాను గాని, అతనికి అర్థమయ్యే భాషలో ఎలా చెప్పను?

నిన్న స్నానాలగదిలో సబ్బు రాసుకుని పెళ్లి ఉంగరం లాగుతున్నాడు. వచ్చింది. చూసుకుని మళ్లీ పెట్టుకున్నాడు. వస్తుందో రాదో అని చూసుకున్నట్టుంది.

నా సైఫోన్ కాపురం ఏమవుతుందక్కా?

నిద్రపట్టని
బువాలై

తా.క. తూయ్ తీరులో ఏదో మార్పు వచ్చింది. నిన్న నేను గడ్డి వేస్తే తినకుండా నా మొహం చూస్తూ నిలబడింది. మొక్కులు అలవాటైనట్టుంది.

4

తుంగ్ సోంగ్
పదకొండింటి రైలు సాయంత్రం నాలుగింటికి వచ్చిన రోజు

బువాకు దీవెనలు.

చదివాను. మీ బావకు చదివి వినిపించాను. ఆయన లేచి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు దగ్గాడు. పొగాకు మానమంటే మానడు.

ఒక్కొక్కటీ చెబుతాను, విను. ఉంగరం: ఉక్కపోతకి వేళ్లు ఉబ్బుతాయి. నాకూ ఉబ్బుతాయి, నేనేం మీ బావను వదిలేశానా? చేతి నుంచి అందుకోకపోవడం: వాళ్ల దేశంలో పెద్దవాళ్లకు అది గౌరవమై ఉంటుంది. నువ్వు కూడా గౌరవంగా గుడ్డ మీదే పెట్టు, చేతికివ్వబోకు. గేదె: వాళ్ల దేశంలో గేదెలు ఉండవట. లేనిదాన్ని చూస్తే మనిషికి భక్తి పుడుతుంది. మొక్కనీ. తూయ్‌కి ఏమైనా నష్టమా? సేంగ్ అవ్వను మాత్రం పొలం వైపు పోనివ్వకు. కొత్తవాడు మొక్కుకునేటప్పుడు ఎవరైనా చూస్తే మొదటికొస్తుంది.

నువ్వు చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడం. అది నీకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

గార్డు చేత ఒక పొట్లం పంపుతున్నాను. అందులో తెల్లబట్ట ఉంది, మంచి నేత, ఏడు గజాలు. బీరువాలో పెట్టు. కత్తిరించకు, దేనికీ వాడకు. అవసరమైన రోజున బయటికి తీయవచ్చు.

ఆ రోజు కోసం ఎదురుచూస్తున్న
మీ అక్క

తా.క. మా తవీ దీక్ష రోజున ఇలాంటి బట్టే తెచ్చాం. పట్టుకుంటే వెన్నలా ఉంది. నీకు చెప్పకూడదు గాని చెబుతున్నాను.

5

బాన్ నోంగ్ ఖెమ్
నాట్లు పూర్తయిన రోజు

అక్కకు మొక్కులు.

తెల్లబట్ట అందింది. ఏడు గజాలూ కొలిచి చూసుకున్నాను. నాకు సరిపోతుంది. తల దగ్గర కాస్త మిగులుతుంది కూడా. ఆసుపత్రి నుంచి నేను తిరిగిరానని నువ్వు అనుకుంటున్నావని అర్థమైంది. కోపం లేదక్కా. నా చివరి బట్ట పరాయివాళ్లు కొనకుండా తోడబుట్టినదానివి నువ్వే పంపావు. "ఆ రోజు కోసం ఎదురుచూస్తున్న" అని రాయకుండా ఉంటే ఇంకా బాగుండేది.

నువ్వు వద్దన్నా నేను ఊరుకోలేదు. విహారానికి వెళ్లి పెద్దస్వామిని అడిగాను. "స్వామీ, మా అల్లుడు వారానికి మూడుసార్లు ఇక్కడికి వస్తున్నాడని విన్నాను. ఎందుకొస్తున్నాడు? సైఫోన్‌ని వదిలేస్తాడా?" ఆయన నన్ను చూశారు. ఆకాశం చూశారు. తర్వాత "ఆకులు చాలా రాలాయి" అని చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టారు. అంతకుముందే ఊడ్చిన చోటే ఊడ్చారు. ఆయన అబద్ధమాడరని ఊరంతా ఎరుగుదుం. అంటే చెప్పలేని నిజమేదో ఉందనేగా?

నిన్న ఫిన్లాండ్ నుంచి పెద్ద కవరు వచ్చింది. పంపింది ఐనో వాళ్లమ్మ. లోపలి కాయితం మీద ఎర్రటి ముద్ర, కింద రెండు సంతకాలు. ఐనో దాన్ని చదివి రెండు చేతులతో నుదుటికి ఆనించుకున్నాడు. అతను పొలానికి వెళ్లాక స్కూలుకు పట్టుకెళ్లి ప్రసోత్ మాస్టారికి చూపించాను. తప్పే, తెలుసు. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇంగ్లీషేనా మాస్టారూ?"

"ఇంగ్లీషులాంటిదే."

"ఏముంది?"

"ఇంత పెద్ద ముద్ర అంటే కోర్టు వ్యవహారమమ్మా. తల్లి కొడుకును వెనక్కి పిలిపిస్తోంది."

రాత్రంతా ఆలోచించాను. సైఫోన్ అక్కడ, ఇతను ఇక్కడ, మధ్యలో జబ్బు మనిషిని నేను. నా మీద జాలితోనే వెళ్లలేకపోతున్నాడు. మంచివాడక్కా. కప్పు మొత్తం నేశాడు. నిన్నటి గాలివానకి ఒక్క చుక్క కారలేదు. అలాంటివాణ్ణి జాలితో కట్టేసి ఉంచడం పాపం. అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. ఆషాఢ పున్నమికి మూడు రోజుల ముందు పెద్దల్ని పిలిచి, ప్రయాణానికి పంపేటప్పుడు చేసినట్టే అతని ఒంట్లోని ముప్పై రెండు ప్రాణాలనూ పేరుపేరునా పిలిచి, చేతికి తెల్లదారాలు కట్టి, దీవించి పంపేస్తాను. వెళ్లేవాడు కోపంతో కాక, దారంతో వెళ్లాలి.

తూయ్‌ను కూడా అతనికే ఇచ్చేస్తాను. దాన్ని వదిలి ఉండలేడు. విమానం ఎక్కిస్తారో లేదో ప్రసోత్ మాస్టారు కనుక్కుంటానన్నాడు.

ఏ చెంగూ లేకపోయినా, ఒకణ్ణి బంధం నుంచి విడిపించిన పుణ్యం పట్టుకునే ఆసుపత్రికి వెళ్తాను.

నీ చెల్లెలు
బువాలై

తా.క. మనసు బాగోక నీ పాత ఉత్తరాలు తీసి చదువుకున్నాను. పదహారేళ్ల కింద సనన్‌ని గుర్రం మీద ఊరేగించామని రాశావు. మొన్న ఏనుగన్నావు. ఇన్నేళ్లలో పెరిగిందా?

6

తుంగ్ సోంగ్
అర్జంటు

బువా,

ఏమీ చేయకు. ఎవరినీ ఏమీ అడగకు. ఎవరినీ ఎక్కడికీ పంపకు. బట్ట నీకు కాదు. గేదెను ఎవరికీ ఇవ్వకు.

అక్క

తా.క. మాస్టారికి కళ్లజోడు మార్చుకోమని చెప్పు.

7

బాన్ నోంగ్ ఖెమ్
వర్షావాసం మొదలైన రెండో రోజు

అక్క పాదాలకు మొక్కులు.

నీ అర్జంటు ఉత్తరం నిన్న అందింది. అప్పటికే అంతా అయిపోయింది. ఎలా అయిందో వరసగా రాస్తాను. ఆయాసం వస్తోంది, మధ్యలో ఆగి ఆగి రాస్తున్నాను.

చెప్పిన రోజున పొద్దున్నే అతని సంచి సర్దాను. చొక్కాలు మడిచి, సుత్తి గుడ్డలో చుట్టి పెట్టాను. అరటాకుల గోపురం చేసి, పూలు పెట్టి, దారాలు వేలాడదీశాను. ఒక్క పదిమందిని పిలిచాను. ఊరంతా వచ్చింది. ఈ ప్రయాణపు దారాలకు ఇంతమంది ఎందుకొచ్చారా అనుకున్నాను. సేంగ్ అవ్వ కొత్త పావడా కట్టుకుని వచ్చింది. అది తన శవం మీద వేయడానికి దాచుకున్నదని ఇన్నాళ్లూ చెప్పింది.

ఐనో తెల్ల చొక్కా వేసుకుని వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. ఆ గోపురాన్ని, దారాలను, మనుషులను చూసి అతని మొహం వెలిగిపోయింది. వెళ్లడం అంటే ఇంత సంతోషమా అనుకున్నాను. అయినా దారం కట్టాను. ఇంటిల్లిపాదీ వినేలా చెప్పాను:

"నాయనా, నువ్వు వెళ్లదలుచుకున్న దారిన వెళ్లు. నేను అడ్డురాను. నా జబ్బు గురించి ఆలోచించకు. నీకు నా వల్ల ఏదైనా కష్టం కలిగితే మన్నించు."

అతను వచ్చీరాని మాటల్లో అడిగాడు. "అమ్మా... మీకు తెలుసా? మీరు ఒప్పుకున్నారా?"

"తెలుసు. ఒప్పుకున్నాను."

"మనస్ఫూర్తిగా?"

"మనస్ఫూర్తిగానే. తూయ్‌ను కూడా తీసుకెళ్లు."

అతను అర్థం కానట్టు చూశాడు. తర్వాత నా పాదాల దగ్గర నేలకు తల ఆనించి మూడుసార్లు మొక్కాడు. నేను వెదురు చాటు నుంచి చూసిన మొక్కులే అవి. మొదటిసారి చేతులు సరిగా కుదరలేదు, రెండోసారి కుదిరాయి. లేచి, జేబులోంచి కత్తెర తీసి, నా ముందు గుడ్డ పరిచి దాని మీద పెట్టాడు. తల వంచాడు.

నేను దారం కొస కత్తిరించమంటున్నాడనుకుని దారం పట్టుకున్నాను. సేంగ్ అవ్వ నా మోచేతి మీద కొట్టింది.

"జుట్టే! జుట్టు కత్తిరించు! రేపు దీక్ష పెట్టుకుని దారంతో ఆటలేంటే నీకు?"

వెనక్కి తిరిగి చూస్తే మెట్ల దగ్గర పెద్దస్వామి నిలబడి ఉన్నారు. చేతిలో తామరాకు ఉంది. "ఇక ఊడవాల్సిన పని లేదు బువాలై" అన్నారు.

అప్పటికి అర్థమైందక్కా. దీక్షకు ముందు రోజు కట్టేదీ ఈ దారాలే, మర్నాటి సంగతి పెద్దస్వామి ద్వారా నాకు తప్ప ఊరందరికీ తెలుసు. సాయంత్రం తిండి మానడం, ఆడదాని చేతి నుంచి అందుకోకపోవడం, ఉంగరం తీసి చూసుకోవడం, ఐదు అంగాల మొక్కు. ముప్పై ఏళ్లుగా రోజూ విహారం మెట్లెక్కినదాన్ని. ఇవే లక్షణాలు ఒక స్వామిలో చూస్తే గుడ్డిదాన్నయినా గుర్తుపట్టేదాన్ని. అల్లుడిలో చూసి అజీర్తి అనుకున్నాను.

మొదటి జుట్టు పాయ నేనే కత్తిరించాను. తామరాకులో పడింది. గోధుమరంగు, మెత్తగా, పసిపిల్లల జుట్టులా ఉంది. పొలంలో మొక్కింది తూయ్‌కి కాదట. గురువుగారి ఎదుట మోకాళ్ల మీద కూర్చుని పాళీలో విన్నపం చేసుకోవాలి కదా, గురువుగారి స్థానంలో తూయ్‌ను నిలబెట్టి సాధన చేశాడట. "అది కోపం తెచ్చుకోదు, తప్పు చెబితే నవ్వదు" అన్నాడు.

మర్నాడు దీక్ష. కాషాయానికి ముందు కట్టే తెల్లబట్టగా నువ్వు పంపిందే అతనికి కట్టారు. మందిరం చుట్టూ మూడుసార్లు ఊరేగించాం. ఏనుగూ గుర్రమూ ఏవీ దొరక్క, ఊళ్లో కుర్రాళ్లు భుజాల మీద మోయబోయి, పొడుగు చూసి మానుకున్నారు. నడిచాడు. తూయ్ కొమ్ములకు ఎవరో పూలదండ వేస్తే అది కూడా వెనకే నడిచింది. మందిరం గడప దాటేటప్పుడు తల్లి వెనక నుంచి బట్ట అంచు పట్టుకుని లోపలికి నడవాలి. నేను పట్టుకున్నాను. ఏ బట్ట నా శవం మీద కప్పుతారని కొలిచి పెట్టుకున్నానో, ఆ బట్ట చెంగే. వెచ్చగా ఉంది, మనిషి చెమటతో. అమ్మ గాల్లో వెతికింది ఇదేనక్కా. నా రెండు చేతులతోనూ పట్టుకున్నాను, ఒక చేయి అమ్మ కోసం.

మందిరం తలుపు మూడు మనుషుల ఎత్తు. అయినా ఐనో గడప దగ్గర తల వంచే లోపలికి వెళ్లాడు. మన దూలం నేర్పిన వినయం.

లోపల స్వాములు దీక్ష ఇచ్చేముందు అందరినీ అడిగే ప్రశ్నలు పాళీలో అడిగారు. నువ్వు మనిషివేనా? అవును స్వామీ. నీ తల్లిదండ్రులు అనుమతించారా? అక్కడ అతను ఒక మాట తప్పి, మళ్లీ చెప్పాడు. అప్పుడు పెద్దస్వామి ఎర్ర ముద్ర కాయితాన్ని తీశారు. దాన్ని మన భాషలోకి మార్చి సైఫోన్ పంపిందట. చదివి వినిపించారు: "నా కొడుకు మంచులో పుట్టాడు. వానలో మూడు నెలలు మీ దగ్గర కూర్చోవాలనుకుంటే నాకు అభ్యంతరం లేదు. అతనికి ఇంకో అమ్మ ఉందని రాశాడు. ఆమె ఆరోగ్యం కోసం మా ఊరి చర్చిలో కొవ్వొత్తి వెలిగించాను. ఒక్కటే కోరిక. వాణ్ణి చెప్పులు లేకుండా తిరగనివ్వకండి."

ఈ రోజు పొద్దున వాన తుంపర. మిగతా స్వాముల వెనక, అందరికంటే చివర, ఒక తల ఎత్తుగా కనిపించింది. మన ఇంటి ముందు మొదటిసారి ఆగాడు. నియమం కదా, నా వైపు చూడలేదు. గిన్నె మూత తీశాడు. అన్నం ముద్ద వేశాను. కొలత ప్రకారమే చేశాను, అతను చేసినట్టు. కళ్లకు ఏమీ కనబడక గిన్నె అంచు తడిమి వేశాను. మొన్నటి వరకు నేను అమ్మని. ఇవాళ నేను మోకాళ్ల మీద కూర్చుని అతనికి మొక్కాను. గుండె ఆగుతుందేమో అనుకున్నాను, ఆగలేదు. ఇక ఆసుపత్రికి ఎప్పుడు రమ్మన్నా వెళ్తాను.

ఇప్పుడు నీ సంగతి. అతని సంచి విప్పి సర్దుతుంటే నీ క్యాసెట్లు దొరికాయి. పాపమైతే అయిందని ఒకటి పెట్టి విన్నాను. సంత పాటలు కావు. ఎవరో ముసలి స్వామి ఒక్కొక్క పాళీ మాటా విడదీసి, నెమ్మదిగా పలుకుతున్నారు. వెనక రైలు కూత. తర్వాత నీ గొంతు: "స్వామీ, మళ్లీ ఒకసారి చెప్పాలి. నేను బొత్తాం నొక్కలేదు."

నువ్వు నాకు ఎందుకు చెప్పలేదక్కా?

నీ బువాలై

తా.క. భిక్షకు స్వాములు వట్టి కాళ్లతోనే రావాలి గనక ఫిన్లాండ్ వదినగారి ఒక్క షరతే తప్పింది. ఆమెకు ఎలా రాయాలో తెలియడం లేదు. అరికాళ్లు చూశాను, ముళ్లేమీ లేవు.

8

తుంగ్ సోంగ్
మందిరంలో పెద్ద దీపం వెలిగించి వచ్చిన రోజు

బువాకు, నీ చేతులకు, నా దండం.

దీవెన కాదు, దండమే. చెంగు పట్టుకున్న చేతులవి.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. జబ్బు గురించి నీ మొదటి ఉత్తరం అందిన రోజే స్టేషన్ నుంచి సైఫోన్‌కి ఫోన్ చేశాను. చెప్పొద్దన్నావు. చెప్పాను. అది ఏడ్చి ఐనోకి రాసింది. మన అమ్మ మాట కూడా రాసింది. దీక్ష ఆలోచన నాది కాదు. "అల్లుడు కట్టుకుంటే చెల్లుతుందా?" అని ఆ అబ్బాయే అడిగాడట. ఇక్కడి స్వామిని అడిగాను. చెల్లుతుందన్నారు. ఇక క్యాసెట్ల పని నేను పట్టుకున్నాను. నీకు ముందే చెబితే, "నా కోసం పరాయి తల్లి బిడ్డ ఎందుకు కష్టపడాలి" అని మెత్తగా చెప్పి మానిపించేదానివి. నువ్వు మెత్తగా చెబితే ఎవరూ కాదనలేరు. మన అమ్మే కాదనలేకపోయేది. పైగా అతనికి పాళీకి నోరు తిరుగుతుందో లేదో. ఆశపెట్టి పోగొట్టడం నాకు తెలిసిన బాధ. నీకెందుకని ఊరుకున్నాను.

ఎలా తెలుసంటావా? గుర్రం పెరిగి ఏనుగైందా అని అడిగావు కదా. గుర్రమూ లేదు, ఏనుగూ లేదు బువా.

సనన్ దీక్ష ముందు రోజు పారిపోయాడు. మేళం వాళ్లు వచ్చి కూర్చున్నారు. వాళ్లకు నూడుల్స్ పెట్టి పంపించాను. వాడు మూడో రోజు లారీ ఎక్కి తిరిగొచ్చాడు. అప్పటికే నీకు ఉత్తరం రాసేశాను, గుర్రం మీద ఊరేగించామని. ఒకటి రాశాక రెండోది రాయక తప్పలేదు. తవీకి పాళీ రెండు వాక్యాలు దాటలేదు, ఉదోమ్‌ని నేను అడగనే లేదు. మూడుసార్లూ వేడుక అయిపోయిందనే నీకు ఉత్తరం రాశాను, నువ్వు రాకుండా ఉండేందుకు. ఇంత దూరమని నువ్వూ ఎప్పుడూ అనుమానించలేదు. మూడు చెంగులున్న అక్కనని నువ్వు నా పేరుకు మొక్కినప్పుడల్లా నాకు ఎలా ఉండేదో రాయలేను. తవీ కోసమని కొన్న బట్టే నీకు పంపింది. పన్నెండేళ్లు మడత విప్పలేదు.

ఆపరేషన్‌కి వస్తున్నాను. మీ బావ టికెట్ తెచ్చాడు. సైఫోన్ కూడా సెలవు పెట్టి వస్తోంది. దాన్ని దీక్ష రోజుకు రానివ్వనిది నేనే. దాని మొహం చూస్తే నీకు అన్నీ తెలిసిపోయేవి. తలుపు బిగించేటప్పుడు గది బయట ఇద్దరం ఉంటాం.

నీకు తప్పకుండా బాగవుతుంది. ఒకవేళ ఎన్నేళ్లకో, నిండా ముసలిదానివై, ఆ చెంగు నిజంగానే పట్టుకుని వెళ్లాల్సిన రోజు వస్తే, ఒక చేయి అమ్మకిచ్చావు, తెలుసు. రెండో చేతిని కాస్త ఒక పక్కకు జరిపి పట్టుకో. అంచున నాకు నాలుగు వేళ్ల చోటు ఉంటే చాలు.

అబద్ధాలతో అలసిపోయిన
మీ అక్క

తా.క. ఆ నాలుగు క్యాసెట్లకు ఇంకో జత తీసి బండి సొరుగులో ఉంచాను. రెండు రోజులుగా కనబడటం లేదు. ఇంట్లో ముగ్గురు మగపిల్లలున్నారు, పెద్దవాడికి ముప్పై ఆరేళ్లు. ఎవరినీ ఏమీ అడగలేదు. అడగొద్దని నీకు రాసిందాన్ని నేనే కదా.